వంతు కాని నీళ్ళు

2006లో మా ఇల్లు ఒక దేశంలోనూ, నా ఆఫీసు మరో దేశంలోనూ ఉండేవి. రెంటికీ మధ్య కారులో పదిహేను నిమిషాల దూరం. ఇల్లు ఒమాన్‌లోని బురైమిలో, ఆఫీసు ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో. పేరుకి రెండు దేశాలే గాని, చూసేవాళ్ళకి రాజమండ్రీ ధవళేశ్వరంలాగా ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. ఒమాన్ వాళ్ళ పాస్‌పోర్టు తనిఖీ బురైమి దాటి సొహార్ వెళ్ళే దారిలో, వాదీ జిజ్జీ దగ్గరుండేది. అంచేత అల్ ఐన్‌లో ఉద్యోగం చేసే నాలాంటివాళ్ళు చాలామంది, అద్దెలు తక్కువని బురైమిలో కాపురం పెట్టారు. బజారులో రియాలూ చెల్లేది, దిర్హామూ చెల్లేది. రియాలుకి తొమ్మిదిన్నర దిర్హాములని కూరల కొట్టువాడు కూడా నోటి లెక్క కట్టేసేవాడు.

సరే, ఈ వ్యాసం సరిహద్దు గురించి కాదు. వేలిగోరంత ఎలక్ట్రానిక్ ముక్క గురించి. దానిమీద బురైమి బజారులో ఒక మనిషి నన్నొక ప్రశ్న అడిగాడు. డబ్బు పెట్టి కొనుక్కున్న వస్తువుకి కంపెనీవాడు వేసిన తాళాన్ని తీస్తే అది తప్పా అని. నేను వెంటనే జవాబు చెప్పాను. ఆ జవాబులో అబద్ధం లేదు. అయినా దాదాపు ఇరవై ఏళ్ళుగా అది నన్ను ఇబ్బంది పెడుతూనే ఉంది. ఎందుకో ఇప్పటికైనా కాగితం మీద పెట్టుకుందామని.

ఆ ఏడాది మొదట్లో న్యూజెర్సీ నించి మా బావమరిది వస్తూ వస్తూ మా వాడికి ప్లేస్టేషన్ 2 తెచ్చాడు. వాడికప్పుడు ఆరేళ్ళు. అది అమెరికా కరెంటుకి తయారైన యంత్రం కాబట్టి ముందు ఒక ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం. బావమరిది తెచ్చిన రెండు ఆటలూ వారంలో పాతబడిపోయాయి. ఒక సాయంత్రం అల్ ఐన్‌లో పెద్ద దుకాణానికి వెళ్ళి, రెండువందల దిర్హాములు పోసి, గ్రాన్ టురిస్మో 4 అనే కార్ల పందెం ఆట కొన్నాను. అసలు సిసలు డిస్కు, సీలు చించకుండా తెచ్చి యంత్రంలో పెట్టాం. తెరంతా ఎర్రబడింది. దయచేసి ప్లేస్టేషన్ డిస్కు పెట్టండి అని వచ్చింది. మేం పెట్టింది ప్లేస్టేషన్ డిస్కే! మా వాడు నా మొహంలోకి చూశాడు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన తండ్రి డిస్కు తీసి, చొక్కాతో తుడిచి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎర్ర తెరే.

సంగతేమిటంటే కంపెనీ ప్రపంచాన్ని ముక్కలుగా కోసుకుంది. జపాన్ డిస్కు ఒకటి, అమెరికా డిస్కు ఒకటి, ఐరోపా డిస్కు ఒకటి. గల్ఫ్ దేశాలూ మన ఇండియా కూడా ఐరోపా ముక్కలోకే వస్తాయి. మాది అమెరికా యంత్రం, ఐరోపా డిస్కు. రెంటికీ డబ్బులు ముట్టినా ఒకటి చెప్పింది ఇంకొకటి వినదు. సినిమా డీవీడీల్లోనూ ఇదే గొడవ. అమెరికా ఒకటో ప్రాంతం, గల్ఫ్ రెండు, ఇండియా అయిదు. మన తెలుగు సినిమా డీవీడీలు చాలావరకు ఏ తాళమూ లేకుండా వచ్చేవి గనక మనకి ఆ బాధ అంతగా తెలియలేదు.

"బురైమి బజారులో చిప్పు వేస్తారు, వేయించెయ్" అన్నాడు ఆఫీసులో మిత్రుడు.

ఆ దుకాణం గాజు తలుపు మీద సెల్‌ఫోన్ల బొమ్మలు, లోపల గోడలనిండా ఆటల అట్టలు. వెనక చిన్న గదిలో భూతద్దం దీపం కింద, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళుంటాయేమో. నేను హిందీలో మొదలుపెడితే, మా ఆవిడ నాతో అన్న మాట విని, "తెలుగోళ్ళా సార్?" అన్నాడు. జగిత్యాల దగ్గర పల్లె. ఎలక్ట్రీషియన్ వీసా మీద వచ్చాడట. వచ్చాక అరబ్బు కఫీలు ఈ దుకాణంవాడికి అప్పజెప్పాడు. వీసాకి అయిన లక్షా ఇరవై వేలు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. పాస్‌పోర్టు కఫీలు బీరువాలో ఉంది.

గంటన్నర పట్టింది. అతని పనితనం చూడాలి. వెంట్రుకంత తీగలు, ఇరవై చిల్లర, ఒక్కొక్కటీ బియ్యపు గింజలో పదోవంతు ఉండే చుక్క మీద అతకాలి. చెయ్యి వణికితే యంత్రం పోయినట్టే. ఊరిలో రేడియోలు, టీవీలు బాగుచేసే మేస్త్రీ దగ్గర నేర్చుకున్నాడట. నా చదువంతా సాఫ్ట్‌వేరే. అలా ఒక్క తీగ అతకమంటే నా వల్ల కాదు.

ఆ చిప్పు చేసే పని ఏమిటో పాత ప్లేస్టేషన్‌తో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. 1994 డిసెంబరులో జపాన్‌లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ డిస్కులో, లోపలి అంచు దగ్గర లేజరు నడిచే బాట సాఫీగా ఉండదు, సన్నగా వణుకుతుంది. ఆ వణుకులో నాలుగు అక్షరాలు దాచారు. జపాన్‌కి ఎస్‌సీఈఐ, అమెరికాకి ఎస్‌సీఈఏ, ఐరోపాకి ఎస్‌సీఈఈ. మనిళ్ళలో ఉండే సీడీ రైటరు ఆటనంతా పొల్లుపోకుండా నకలు చెయ్యగలదు గాని, ఆ వణుకుని మాత్రం రాయలేదు. కాబట్టి నకలు డిస్కు పెడితే ఆ నాలుగక్షరాలు వినపడవు, యంత్రం తలుపు తెరవదు. చిప్పు ఏం చేస్తుందంటే, డిస్కు చెప్పవలసిన ఆ నాలుగక్షరాలనీ డిస్కు బదులు తానే చెప్పేస్తుంది. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 తాళం ఇంకా జటిలమైనది, పని తీరు వేరు. కానీ చిప్పు ఉద్దేశం అదే. "అంతా సవ్యంగానే ఉంది" అని డిస్కు తరఫున సాక్ష్యం చెప్పడం.

ఇక్కడొక విశేషం గమనించండి. నాలుగక్షరాల ఆ తాళం ఒకేసారి రెండు ప్రశ్నలు అడుగుతోంది. నువ్వు అసలు డిస్కువా? నువ్వు ఈ ప్రాంతం డిస్కువా? మొదటి ప్రశ్న దొంగకి. రెండోది నాలాంటి కొనుగోలుదారుకి. రెంటికీ తాళం ఒకటే కాబట్టి, రెండో ప్రశ్న నించి తప్పించుకోవాలంటే మొదటి ప్రశ్నకి కూడా అబద్ధం చెప్పాల్సిందే. దొంగకీ దొరకీ ఒకే తాళం వేసినవాడు, రెంటినీ ఒకే తాళపు చెవి తీస్తుందని ఊహించి ఉండాల్సింది.

చివరి తీగ అతికి, మూత బిగిస్తూ అడిగాడు అతను.

"సార్, ఒక ముచ్చట అడుగుత, ఏమనుకోరు గద? మీరు పెద్ద సదువులు సదివిండ్రు. గీ చిప్పు ఎక్కిచ్చుడు తప్పే అంటరా? మా సేటు ఏం గాదంటడు. గని సేటుకేంది, పైసలొస్తయ్. ఇంటికాడ మా నాయినకైతే కరెంటు పని అనే చెప్పిన."

నాకు ఉత్సాహం వచ్చేసింది. అంతకు కొద్ది నెలల ముందే, 2005 అక్టోబరులో, ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే అక్కడి అత్యున్నత న్యాయస్థానం, సరిగ్గా ఈ విషయం మీదే తీర్పు చెప్పింది. స్టీవెన్స్ అనే ఆయన సిడ్నీలో చిప్పులు అమ్మాడని సోనీ కంపెనీ దావా వేసింది. ప్రాంతాల తాళం కొనుగోలుదారులకి అన్యాయమని అక్కడి వినియోగదారుల సంస్థే స్టీవెన్స్ పక్షాన నిలిచింది. న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా స్టీవెన్స్ వైపే మొగ్గారు. ఈ తాళం నకలు చెయ్యడాన్ని ఆపడం లేదు, చేసిన నకలుని ఆడనివ్వకుండా ఆపుతోంది, అంతే, కాబట్టి చట్టం చెప్పిన రక్షణ సాధనం కిందికి ఇది రాదు అన్నారు.

ఇదంతా ఆ కుర్రాడికి చెప్పాను. "తమ్ముడూ, యంత్రం నాది. డిస్కు నాది. రెంటికీ డబ్బులిచ్చాను. నా ఇంట్లో నా గదికి ఇంకొకడు తాళం వేసుకుపోతే తీసుకోవడం తప్పెలా అవుతుంది? నువ్వేమీ తప్పు చెయ్యట్లేదు. ధైర్యంగా చేసుకో" అన్నాను. అతని మొహం తేటపడింది. "మీరు చెప్పిండ్రంటే ఇగ మంచిదే సార్" అన్నాడు. నూటయాభై దిర్హాములిచ్చి, గర్వంగా యంత్రం సంకనపెట్టుకుని వచ్చేశాను. ఆ రాత్రి మా వాడు కార్ల పందెం ఆడాడు.

నా జవాబు తప్పు కాదని ఇప్పటికీ అంటాను. ఆ తర్వాత లోకం నడిచిన తీరు కూడా దాన్ని పూర్తిగా కొట్టెయ్యలేదు. అమెరికాతో వాణిజ్య ఒప్పందం కోసం ఆస్ట్రేలియా 2006లో చట్టం బిగించినప్పుడు, ఆటల డిస్కుల ప్రాంతాల తాళాన్ని మాత్రం రక్షణలోంచి మినహాయించింది. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టానికి చేర్చిన 65ఎ సెక్షన్, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తేనే శిక్ష అంటుంది. 2014 జనవరిలో నింటెండో కేసులో ఐరోపా న్యాయస్థానం, తాళం మోతాదుకి మించి ఉందా, దాన్ని తీసే సాధనాన్ని జనం నిజంగా దేనికి వాడుతున్నారు అన్నవి చూడమని చెప్పింది. అమెరికా వాళ్ళ 1998 చట్టం వీటన్నిటికంటే కఠినం. అక్కడ కూడా 2021లో, చెడిపోయిన గేమ్ యంత్రాల డిస్కు డ్రైవు మార్చుకోడానికి తాళం తీసుకోవచ్చని మినహాయింపు ఇచ్చారు.

ఒక్కొక్క చోట ఒక్కొక్క మాట. అయినా అన్నిటి అడుగునా ఒకే ప్రశ్న ఉంది. తాళం తీశావు సరే, ఎందుకు తీశావు?

నా కథలో చిక్కు అక్కడే వచ్చింది. ఎందుకు తీశానో ఆ మొదటి రాత్రికి నాకు స్పష్టంగా తెలుసు. మూడు నెలల తర్వాత తెలియదు. చిప్పు మారలేదు, యంత్రం మారలేదు, కోర్టు తీర్పూ మారలేదు. నేను మారాను. ఆ దుకాణం గోడమీది ఆటలన్నీ నకళ్ళు, ఒక్కోటి పది దిర్హాములు. రెండువందలెక్కడ, పదెక్కడ! శుక్రవారం కూరలకి వెళ్ళినప్పుడు కొత్తిమీర కట్టతోపాటు రెండు డిస్కులు. ఏడాది తిరిగేసరికి ఒకరోజు లెక్కపెట్టాను. మా ఇంట్లో అసలు డిస్కులు మూడు, నకళ్ళు నలభై ఒకటి.

వింత ఏమిటంటే ఆ రోజుల్లో ఆఫీసులో నా పని, ఒక క్లయింటు దగ్గర ఎన్ని కంప్యూటర్లలో ఏ సాఫ్ట్‌వేర్ ఉంది, దేనికి లైసెన్సు ఉంది, దేనికి లేదు అని లెక్క తేల్చడం. పగలంతా అరల పట్టికల్లో ఇతరుల దొంగతనాలకి ఎర్రరంగు పూసి, రాత్రి ఇంటికొచ్చి మా వాడి పక్కన కూర్చుని నకలు డిస్కుతో ఆట ఆడేవాణ్ణి. మనస్సాక్షి గొడవ చేసిందా అంటే, లేదు. దానికి నేను ముందే తర్ఫీదిచ్చి ఉంచాను. కంపెనీ కోటీశ్వరుడిది. నన్ను అమెరికా ముక్క, ఐరోపా ముక్క అని మోసం చేసింది. నేను బదులు తీర్చుకుంటున్నాను. శుక్రవారం విడుదలైన తెలుగు సినిమా శనివారానికి మన లేబర్ క్యాంపుల్లో నకలు సీడీగా తిరిగేది కదా. ఎండలో పన్నెండు గంటలు పనిచేసి అది చూసే మనిషిని ఏమనడానికి నాకు నోరు రాదు. కానీ నేను ఆ మనిషిని కాను. నాకు అసలు డిస్కు కొనే జీతం ఉంది. పేదవాడి సాకుని, డబ్బున్నవాణ్ణి అయ్యుండి నేను అరువు తెచ్చుకున్నాను.

2006 సెప్టెంబరులో అల్ ఐన్‌కీ బురైమికీ మధ్య తనిఖీ వచ్చింది. అంతకుముందే కంచె లేచింది. హిలీ దగ్గర గేటు, పాస్‌పోర్టు, స్టాంపు. నిన్నటిదాకా కూరలకి నడిచిన దారి, ఇవాళ అంతర్జాతీయ ప్రయాణం అయిపోయింది. మేం అల్ ఐన్‌లోకి ఇల్లు మారాం. అయినా రెండు మూడు నెలలకోసారి స్టాంపు వేయించుకుని మరీ ఆ దుకాణానికి వెళ్ళేవాణ్ణి. అతను ఇప్పుడు సార్ మానేసి అన్నా అనేవాడు. చెల్లెలి పెళ్ళి చేశానన్నాడు. అప్పు సగం తీరిందన్నాడు.

2009 వేసవిలో తెచ్చిన డిస్కుల్లో ఒకదాని మీద మార్కర్ పెన్నుతో ఇంగ్లీషులో హనుమాన్ అని రాసి ఉంది. "హనుమాన్: బాయ్ వారియర్". మా వాడు పెట్టి, గద తిప్పుతూ ఆడుతున్నాడు. ఆ ఆట గురించి నేను పేపర్లో చదివే ఉన్నాను. పూర్తిగా ఇండియాలో తయారై ప్లేస్టేషన్ 2 మీదకి వచ్చిన తొలి ఆటల్లో ఒకటి. చేసింది హైదరాబాదులోని ఆరోనా టెక్నాలజీస్. దేవుణ్ణి జాయ్‌స్టిక్కుతో ఆడించడమేమిటని అమెరికాలో రాజన్ జెడ్ అనే ఆయన అభ్యంతరం చెబితే, ఆ వార్త అన్నిచోట్లా వచ్చింది. ఆట గొప్పగా లేదనే విమర్శలూ వచ్చాయి. నేను మాత్రం మా ఆవిడతో పొంగిపోతూ, "చూశావా, మన హైదరాబాదు కుర్రాళ్ళు చేశారు" అన్నాను.

ఆవిడ మార్కర్ పెన్ను రాతవైపు చూసి, "మన కుర్రాళ్ళకి కూడా పది దిర్హాములేనా?" అంది.

అంతే అంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పది దిర్హాముల్లో వాళ్ళకి ఒక్క ఫిల్సు కూడా వెళ్ళదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

నా వాదన అంతా ఆ ఒక్క మాటకి కూలిపోయింది. నన్ను ముక్కలుగా కోసింది ఒక పెద్ద కంపెనీ. నా కోపం దానిమీద. కానీ నేను బదులు తీర్చుకుంటున్నది ఎవరి దగ్గర? మొదటిసారి ఒక ఆట తయారుచేసి, నలుగురు కొంటే రెండోది చేద్దామని కూర్చున్నవాళ్ళ దగ్గర. నాకు రావలసిన బాకీ ఒకరి దగ్గరుంటే, దాన్ని దారిన పోయే ఇంకొకరి జేబులోంచి వసూలు చేసుకుంటున్నాను. ఆ రోజు డిస్కు తీసేశానా అంటే, లేదు. మా వాడు ఆట పూర్తిచేసేదాకా ఊరుకున్నాను. తప్పు తెలియడానికీ మానడానికీ మధ్య ఎంత దూరమో అనుభవించినవాడికే తెలుస్తుంది.

నా చేత మాన్పించింది వివేకం కాదు, భయం. ఒమాన్ 2006 జనవరిలో అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. 2008లో కొత్త కాపీరైటు చట్టం తెచ్చుకుంది. ఒప్పందం 2009 జనవరి 1 నించి అమల్లోకి వచ్చింది. డిజిటల్ తాళాలు తీసే సాధనాలు అమ్మేవాళ్ళని శిక్షించాలన్నది అందులో ఒక షరతు. ఆస్ట్రేలియాలో చట్టాన్ని బిగింపజేసిన షరతు లాంటిదే అలా తిరిగి తిరిగి ఒయాసిస్సు ఊరిదాకా వచ్చింది. ఆ ఏడాది చివర్లో ఆ దుకాణం మీద తనిఖీ జరిగింది. డిస్కులు పట్టుకెళ్ళారు. వెనక గదిలో సోల్డరింగ్ ఐరన్‌తో దొరికినవాడు ఒక్కడే. వీసా ప్రకారం అతను ఎలక్ట్రీషియన్, ఆ దుకాణంతో అతనికి సంబంధమే లేదు. వెనక గదిలో అతను ఏం చేస్తున్నాడో నాకు తెలియదన్నాడు సేటు. కఫీలు తన బాధ్యత లేదన్నాడు. గల్ఫ్‌లో మనవాళ్ళు అనేట్టు కల్లివల్లి లెక్కలో పడిపోయాడు. కొన్ని వారాలు లోపల ఉంచి, కట్టుబట్టలతో ఇంటికి పంపేశారని నాకు అల్ ఐన్‌లో ఒక మిత్రుడు ఫోన్ చేసి చెప్పాడు.

అప్పుడు నేనేం చేశానో రాయకుండా ఈ వ్యాసం ముగిస్తే ఇదంతా నటనే అవుతుంది. ఫోన్ పెట్టేసి, ఇంట్లో డిస్కులన్నీ నల్ల సంచిలో వేసి, రాత్రి పదకొండు దాటాక రెండు వీధుల అవతలి చెత్తకుండీలో పడేసి వచ్చాను. అతను ఇంకా బురైమిలోనే ఉన్నాడేమో కనుక్కోలేదు. హిలీ గేటు వైపు వెళ్ళలేదు. ఒక వకీలుకి ఫోన్ చెయ్యలేదు. నా వీసా నాకు ముద్దు. "నువ్వేమీ తప్పు చెయ్యట్లేదు, ధైర్యంగా చేసుకో" అని తీర్పులు ఉదహరించిన నోరు ఆ వారమంతా పెగల్లేదు.

ఎక్కడ చూసినా ఇలాగే ఉంది. గేమ్ యంత్రాల తాళాలు తీసే సాధనాల కేసులో 2022 ఫిబ్రవరిలో కెనడాకి చెందిన గ్యారీ బౌజర్‌కి అమెరికాలో 40 నెలల జైలు వేశారు. శిక్ష ఆ సాధనం అమ్మినవాడిదాకా, అతికినవాడిదాకా వస్తుంది. కొనుక్కుని సోఫాలో కూర్చుని ఆడినవాడిదాకా రాదు. రాదు కాబట్టే మా తరగతి వాళ్ళం దీన్ని నీతి ప్రశ్న అని పిలుచుకుని చర్చించుకోగలం. అతనికి అది చర్చ కాదు, కూడు.

ఇప్పుడు మేం మస్కట్‌లో ఉంటున్నాం. నిరుడు చలికాలంలో పనిమీద బురైమి వెళ్ళి, సాయంత్రం ఒయాసిస్సు తోటల్లో నడిచాను. అక్కడ ఖర్జూరాలకి నీళ్ళు ఫలజ్ ద్వారా వస్తాయి. ఎక్కడో కొండల దగ్గర భూగర్భంలోంచి మొదలై, వాలు వెంట పారుతూ తోటల్లోకి వచ్చే కాలువలు. నీళ్ళకి మీటర్లు లేవు, కాలమే కొలత. ఫలానా కుటుంబానికి ఇంత సేపు. పూర్వం పగలు నీడని బట్టి, రాత్రి నక్షత్రాలని బట్టి వంతులు చూసుకునేవారు. ఒక ముసలాయన కాలువకి అడ్డంపెట్టిన రాయి తీసి తన మడిలోకి నీళ్ళు వదులుకుంటున్నాడు.

నాకు మా ఊరు గుర్తొచ్చింది. తణుకు దగ్గర పల్లె, గోదావరి కాలువ, నాన్నగారి మూడెకరాలు. ఎద్దడి ఏడాది వంతుల వారీ నీళ్ళిచ్చేవారు. ఒకసారి మా వంతు వచ్చినా లస్కరు షట్టరు ఎత్తలేదు. పైన ఎవరో పెద్దరైతు చెప్పాడని. నాన్నగారు వెళ్ళి తానే ఎత్తేశారు. ఊళ్ళో ఎవరూ తప్పనలేదు. రెండు రోజుల తర్వాత మా పక్క చేనాయన అర్ధరాత్రి అదే షట్టరు ఎత్తాడు. అది దిగువ వాళ్ళ వంతు. "మాస్టారు ఎత్తితే లేని తప్పు నేనెత్తితే వచ్చిందా?" అని పంచాయితీలో వాదించాడు. నాన్నగారు, "నేనెత్తింది నా వంతుకి" అని మాత్రం అన్నారు.

షట్టరు అదే. ఎత్తిన చేతి పనీ అదే. వంతు ఎవరిదన్నదే తేడా. లస్కరు చేసిన అన్యాయం మా నాన్నగారికి షట్టరు ఎత్తే హక్కునిచ్చింది గాని, దిగువ రైతు నీళ్ళ మీద హక్కునివ్వలేదు. నా విషయంలోనూ అంతే. ప్రాంతాల తాళం అన్యాయం. నేను కొన్న డిస్కు కోసం దాన్ని తీసుకోవడం నా వంతు. ఆ రాత్రి కార్ల పందెం మా నీళ్ళే. ఆ తర్వాతి నలభై ఒకటీ దిగువ వాళ్ళవి. ఏ డిస్కు ఎవరి వంతో చిప్పుకి తెలియదు. అది అన్నిటికీ అదే సాక్ష్యం చెబుతుంది. కోర్టుకీ ఇంట్లోకి తొంగిచూసే వీలు లేదు. ఆ డిస్కుని లోపలికి తోసే వేలికి మాత్రం ప్రతిసారీ తెలుసు.

ప్లేస్టేషన్ 2 తయారీ 2013 మొదట్లో ఆగిపోయింది. తర్వాత ఒకసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆ హనుమాన్ ఆట అసలు డిస్కు ఒకటి పాత సామాన్ల కొట్టులో దొరికితే కొన్నాను. దాన్ని తయారుచేసినవాళ్ళకి ఆ డబ్బు చేరదని తెలిసే కొన్నాను. బాకీ తీరలేదు. బాకీ ఉందని రాసుకున్న చీటీ లాంటిదది.

బురైమి నించి తిరిగొచ్చాక, పాత మిత్రుల ద్వారా అతని నంబరు సంపాదించి ఫోన్ చేశాను. కోరుట్లలో సెల్‌ఫోన్ల రిపేరు కొట్టు పెట్టుకున్నాడు. గొంతు వెంటనే గుర్తుపట్టాడు. క్షేమసమాచారాలయ్యాక నేను ఉండబట్టలేక, ఆ రోజు నేను చెప్పిన జవాబు గురించి ఎత్తాను. సగమే చెప్పానని, మిగతా సగం నాకే అక్కర్లేక చెప్పలేదని, తర్వాత కనీసం వచ్చి చూడలేదని.

కాసేపు ఏమీ అనలేదు. వెనక ఎవరో ఫోన్ గ్లాసు ఎంతని అడుగుతున్నారు. వాళ్ళకి ధర చెప్పి, మళ్ళీ నాతో అన్నాడు.

"అన్నా, అప్పుడు మీరు తప్పని చెప్పినా నేను బందు జేద్దునా? అప్పుండె. మీ మీద నాకేం లేదు. గని అడిగిన గద అన్నా. జెర సోంచాయించి చెప్తే బాగుండు అనిపిచ్చింది, లోపలున్నప్పుడు."

ఇంకెవరైనా నన్ను అలాంటి ప్రశ్న అడిగితే ఏం చెబుతానో నాకిప్పుడు తెలుసు. ముందుగా, ఎవరి వంతని అడుగుతాను. ఆ తర్వాత, పట్టుబడితే పోయేది ఎవరని అడుగుతాను. ఆ రెండో ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. తట్టాల్సిన అవసరం నాకు లేదు కాబట్టి.